కుదురులేని చెయ్యి

ఫొటోలో తమ్ముడి చేతి కిందనుంచి నీళ్ళ డ్రమ్మును చెరిపేయడం తేలికగానే అయిపోయింది గానీ, ఆ చేతిని తీసుకొచ్చి అమ్మ భుజం మీద ఆనించేసరికి పిచ్చుకకు తల ప్రాణం తోకకొచ్చింది. వాడు ఓడలో ఇంజను మెకానిక్కు, ఇప్పట్లో నేల మీద కాలు పెట్టడు. అందుకని ఒక ఇనప తలుపు ముందు నిలబడి, పక్కనున్న డ్రమ్ము మీద చెయ్యి వేసి, తోటివాడి చేత ఫొటో తీయించుకుని, "అమ్మ భుజం అనుకుని వేశానక్కా, ఎత్తు సరిపోతుందో లేదో నువ్వే చూసుకో" అని రాసి పంపాడు. ఎత్తు సరిపోయింది. వెలుతురే కలిసి రాలేదు. వాడి మీద పడింది ట్యూబులైటు వెలుతురు, ముఖమంతా కామెర్లు వచ్చినవాడిలా ఒక పచ్చదనం. ఇక్కడ అన్నయ్య ఇంట్లో తీసిన ఫొటోలో వీళ్ళందరికీ వెనకనుంచి కిటికీ వెలుతురు, భుజాల అంచుల మీదుగా జారి ముందుకొచ్చిన మధ్యాహ్నపు ఎండ. పిచ్చుక వాడి పచ్చదనం తీసింది, కొంచెం ఎరుపు కలిపింది, భుజం అంచున సన్నటి వెలుగు గీత గీసింది, అమ్మ కుర్చీ వెనక నిలబెట్టింది. నిలబడ్డాడు, కానీ అతికించినట్టే ఉన్నాడు. నీడ లేదు మరి. చెయ్యి వేశాక దాని కింద నీడ పడాలి, బట్ట కాస్త నలగాలి. లేకపోతే ఎంత కన్నకొడుకైనా గాల్లో తేలుతున్న కొడుకే. ఆ నీడ వేయడానికని అమ్మ భుజాన్ని స్క్రీను నిండా పెద్దది చేసుకుని, భుజం నుంచి మోచెయ్యి దాకా బట్ట మడతలు ఎటు పోతున్నాయో చూసుకుంటూ కిందికి వచ్చింది.

పిచ్చుక అసలు పేరు కాదు. "ఒకచోట కుదురుగా కూర్చోదు, నా కడుపున పిచ్చుక పుట్టింది" అని అమ్మ ఎప్పుడో అన్న మాట అలాగే అంటుకుపోయింది, ముప్పై దాటినా వదల్లేదు. కుదురులేని మనిషికి దొరికిందేమో కుర్చీకి అతుక్కుపోయే పని. కింద జిరాక్సు దుకాణం, పైన ఆమె గది, గోడలకు బూడిదరంగు, కిటికీకి నల్లటి తెర, రంగులు నిజంగా కనపడాలంటే గదిలో ఇంకే రంగూ ఉండకూడదు కాబట్టి. పెళ్ళి ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోలు, కళ్ళు మూసుకున్నవాళ్ళకు కళ్ళు తెరిపించడం, రానివాళ్ళను రప్పించడం, ఉండకూడదనుకున్నవాళ్ళను పంపించెయ్యడం. పోయిన నెలే ఒకావిడ వచ్చి మరిదిని తీసెయ్యమంది, తీసేసింది. మర్నాడు మొగుడొచ్చి మళ్ళీ పెట్టమన్నాడు, పెట్టింది. అలాంటివన్నీ నవ్వుకుంటూ చేసేది. సొంతవాళ్ళ ఫొటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొద్దుటినుంచీ చెయ్యి ఆడటం లేదు, లేచి నీళ్ళు తాగుతుంది, కూర్చుంటుంది, తెర పక్కకు లాగి వీధి చూస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. అన్నయ్య కిటికీయే దీనికంతటికీ మూలం. కొత్త ఫ్లాటు, పన్నెండో అంతస్తు, హాలుకు గోడకు గోడంతా అద్దం, అద్దంలో నది, నది మీద వంతెన. అప్పు చేసి కొన్న నది కదా, ఫొటోలో పడి తీరాలంటాడు. నది పడాలంటే మనుషులు బొగ్గుల్లా నల్లబడతారు, మనుషులు పడాలంటే కిటికీ తెల్లకాగితమైపోతుంది. కంటికి రెండూ ఒకేసారి కనిపిస్తాయి గానీ కెమెరాకు అంత చేవ లేదు. అందుకని స్టాండు మీద కెమెరా బిగించి, నొక్కితే వరసగా ఐదు ఫొటోలు పడేలా పెట్టింది. ఒకటి బాగా చీకటిగా నది కోసం, చివరిది బాగా వెలుగుగా ముఖాల కోసం, మధ్యలో మిగతావి. తర్వాత ఐదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి దేనిలో ఏది బాగుంటే అది తీసుకుని ఒక్కటి చేస్తుంది సాఫ్ట్‌వేరు. షరతు ఒక్కటే, ఆ ఐదు పడేదాకా ఎవరూ కదలకూడదు. కదిలితే కదిలినవాళ్ళు రెండుగా, మూడుగా, పొగలా కనపడతారు. ఆ పొగను ఈ పనిలో అందరూ దెయ్యం అంటారు. "ఈ ఫొటోలో దెయ్యం పడింది" అంటే కొత్తవాళ్ళు హడలి చస్తారు.

దెయ్యం అన్నయ్య కూతురి దగ్గర పడుతుందనుకుంది. ఐదేళ్ళ పిల్ల, కాళ్ళ కింద చక్రాలున్నట్టు తిరుగుతుంది. "కదలకుండా కూర్చుంటే చాక్లెట్టు డబ్బా మొత్తం నీదే" అని వదిన ఆశపెట్టింది. పిల్ల నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఊపిరి కూడా బిగబట్టి, కళ్ళు ఆర్పకుండా, రాతిబొమ్మలా ఉండిపోయింది. నాన్న సంగతి చెప్పక్కర్లేదు, నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి. వదిన, అన్నయ్య, టైమరు నొక్కి పరుగెత్తుకెళ్ళి చివరన నిలబడ్డ తను, అందరూ గీత గీసినట్టు స్పష్టంగా ఉన్నారు. అమ్మ భుజం స్పష్టంగా ఉంది. మోచెయ్యి ఉంది. మణికట్టు దగ్గర వాచీ పట్టీ రెండు పట్టీలుగా ఉంది. ఆ కింద ఒళ్ళో పెట్టుకున్న ఎడమ చేతి వేళ్ళు లేవు. వేళ్ళున్న చోట లేత పొగ, పొగలో ఎనిమిదో తొమ్మిదో వేళ్ళ అంచులు, ఒకదాని మీద ఒకటి, నీళ్ళలోంచి చూస్తున్నట్టు.

మొదట విసుగే వచ్చింది. ఈవిడొకత్తె, అనుకుంది. ఫొటో తీసిన రోజున కూడా ఇంతే, కుర్చీలో కూర్చోబెడితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి, పిల్ల బూటు పట్టుకుంది, అది లాక్కుంటే తువ్వాలు మడతపెట్టడం మొదలెట్టింది, అది తీసుకుంటే సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "ఫొటోలో సంచీ ఏమిటమ్మా, కూరలకు వెళ్తున్నట్టు?" అంటే, "ఉంటే నీ సొమ్మేం పోయిందే?" అంది. "కాసేపు చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకోలేవా?" అని సంచీ లాగి సోఫా వెనక పడేసింది తను. అప్పుడు అమ్మ తన వంక ఒక చూపు చూసింది. ఆ చూపేమిటో అప్పుడు పట్టించుకోలేదు, టైమరు హడావుడిలో ఉంది. ఇప్పుడు బొటనవేలి చోట ఉన్న పొగను చూస్తుంటే ఆ చూపు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. కోపం కాదది. బడిలో పలక చూపించమన్నప్పుడు లెక్క రాని పిల్ల చూసే చూపు.

ఫోన్ మోగింది. అన్నయ్య.

"అయిందా? ఫ్రేము షాపాయన నా ప్రాణం తీస్తున్నాడు. ఇవాళ ఇస్తేనే రేపటికిస్తాడట."

"అవుతోంది."

"నది బాగా నీలంగా రావాలి. ఆ రోజు కొంచెం మట్టిగా ఉంది చూడు. ఇంకా, నాన్న జుట్టు కాస్త పెంచు."

"పెంచడానికి నా దగ్గర ఎరువు లేదు."

"వెటకారాలకేం గానీ, తమ్ముడు ఎలా ఉన్నాడు? అతికినట్టు కనపడటం లేదుగా? అమ్మకు తెలియకూడదు, గోడ మీద చూసి నోరు తెరవాలి."

"అన్నయ్యా, అమ్మ ఎడమ చెయ్యి ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"చెయ్యా? ఏమైంది, వాచీ సరిగ్గా పడలేదా? వాచీ లేకపోయినా ఫరవాలేదులే, నది మాత్రం చూసుకో" అని పెట్టేశాడు.

ఐదింటినీ విడదీసింది. మొదటిదాంట్లో, చీకటిదాంట్లో, చెయ్యి ఒళ్ళో మామూలుగా ఉంది, ఎవరి చెయ్యి అయినా అలాగే ఉంటుంది. రెండోదాంట్లో బొటనవేలు చూపుడువేలి దగ్గరకు వచ్చింది. మూడోదాంట్లో దూరం జరిగింది. నాలుగోదాంట్లో మళ్ళీ దగ్గరకు. ఐదోది కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసిన ఫొటో కాబట్టి అందులో వేళ్ళే లేవు, ఒక రంగు మరక. కదిలించింది కాబోలు, అనుకుంది. దోమ వాలిందేమో, పిల్ల జుట్టు సర్దబోయిందేమో. మూడుసార్లు తీసింది కదా, రెండో వరస తెరిచింది. రెండో వరసలోనూ పొగే. మూడో వరసలో అమ్మ కుడి చెయ్యి తీసుకొచ్చి ఎడమ చేతి మీద పెట్టుకుంది, అదిమిపెట్టినట్టు. ఆ వరసలో రెండు చేతులూ పొగ. పిచ్చుక లేచింది. నీళ్ళ సీసా ఖాళీ. కింద జిరాక్సు యంత్రం కాగితాలు తీసుకుంటోంది, వదులుతోంది, తీసుకుంటోంది, వదులుతోంది, వేడెక్కిన కాగితం వాసన మెట్ల మీదుగా పైకొస్తోంది. తెర లాగి చూస్తే వీధిలో ఎవరో కుర్రాళ్ళు స్కూటరు వెనక్కి తీయలేక తంటాలు పడుతున్నారు. అమ్మ ఇక్కడుంటే ఈ పాటికి గొంతెత్తి ఉండేది. ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు కారు నేర్పింది అమ్మ. బ్రేకమ్మ అంటారు వెనకాల, "బ్రేకమ్మా బ్రేకు!" అని ఆవిడ అరిచే అరుపుకు పక్క బండివాళ్ళు కూడా ఆగిపోతారని. చక్రాన్ని బిగించి పట్టుకునే పిల్లలతో, "దాని పీక పిసక్కే, అది నీ అత్తగారు కాదు" అంటుంది. ఆ చేతులు చక్రం మీద ఎంత తేలిగ్గా ఉంటాయో. అక్కడ వణకడం తనెప్పుడూ చూడలేదు. చూడలేదా, చూసే పని పడలేదా?

మళ్ళీ కూర్చుని పాత ఫొటోల పెట్టె తెరిచింది. హార్డు డిస్కులో అన్నీ ఉన్నాయి, సంవత్సరాల వారీగా, పుట్టినరోజులు, తమ్ముడు ఓడెక్కిన రోజు రేవులో తీసినవి, ఏ పనీ లేక తీసినవి. తమ్ముడి రేవు ఫొటోలో అమ్మ ఎడమ చెయ్యి వాడి చంకలో దూరి ఉంది. వీడ్కోలు ప్రేమ అనుకుంది అప్పట్లో. అన్నయ్య గృహప్రవేశానికి, చేతిలో సంచీ. పిల్ల పుట్టినరోజున, చెయ్యి కుర్చీ వెనక్కి. నాన్నతో బెంచీ మీద, చెయ్యి తొడ కింద, చలికి పెట్టుకున్నట్టు, ఎండలో. ఇంకో దాంట్లో చేతులు కట్టుకుని, చంకలో వేళ్ళు. ఇంకోటి, ఇంకోటి, వేగంగా నొక్కుతూ పోయింది, ఇప్పుడు ముఖాలేవీ చూడటం లేదు, ముఖాలన్నీ పక్కకు పోయి ఒక్క చెయ్యి మాత్రమే ఫొటో నుంచి ఫొటోకు దాక్కుంటూ పోతోంది. ఎక్కడ కనిపించింది చివరిసారి? రెండేళ్ళ కిందటి ఫొటోలో, మేడ మీద, బల్ల మీద ఊరికే పడి ఉంది, వేళ్ళు తెరుచుకుని, ఏ పనీ లేకుండా, పడుకున్న పిల్లిలా. ఆ తర్వాత లేదు. తను తీసిన ఫొటోలే ఇవన్నీ. ప్రతి ముఖం మీదా మొటిమ దగ్గర్నుంచి చెరిపిన మనిషి తను. ముక్కు మీద మెరుపు ఎక్కువైందని అమ్మ ముఖాన్ని గంటసేపు సరిచేసిన మనిషి.

చిన్న చిన్నవి ఒకదాని వెనక ఒకటి రావడం మొదలెట్టాయి, పిలవకుండానే. పాలు మాడిపోయిన రోజు. అమ్మ పొయ్యి పక్కనే కూర్చుని ఏదో కోస్తోంది, వీధి గుమ్మం దాకా వాసన, నాన్న పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పాడు, "మీ అమ్మ ముక్కు కూడా రిటైరైపోయింది" అని అందరూ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా. ఇంటికెళ్ళినప్పుడు టీ గ్లాసులోనే ఇవ్వడం, సాసరు మానెయ్యడం. "సాసర్లు కడగలేక చస్తున్నానే" అంది. ఫ్రిజ్ మీద అంటించే చీటీల్లో అక్షరాలు చీమల్లా అయిపోవడం, "కాగితం పొదుపా?" అని తను ఏడిపించడం. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగుతుంది, ఇంకోటి ఊగదు. అది సంచీ బరువనుకుంది. మధ్యాహ్నాలు ఈ మధ్య ఫోన్ చేస్తే ఇంట్లోనే ఉంటోంది, "బండి షెడ్డులో ఉంది" అంటోంది, అదేం బండి, ఇన్నాళ్ళు షెడ్డులో ఉండటానికి? ఇవన్నీ తనకు తెలుసు. తెలియనిది ఒక్కటీ లేదు. విడివిడిగా తెలుసు, వేరే వేరే రోజుల్లో తెలుసు, ఏదీ ఇంకోదాని పక్కన పెట్టి చూడలేదు, అంతే.

తాతయ్య కూడా వచ్చాడు. ఆయన్ను అసలు రానివ్వకూడదనుకుంది, కుర్చీలో అటూ ఇటూ జరిగింది, అయినా వచ్చాడు. అమ్మా వాళ్ళ నాన్న. చివరి రోజుల్లో వీళ్ళింట్లోనే ముందు గదిలో ఉండేవాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏదో గింజ నలుపుతున్నట్టు ఎప్పుడూ రాస్తూ ఉండేవాడు. తనకప్పుడు ఏడేళ్ళు. గుప్పిట్లో ఏదో దాచాడనే అనుమానం. "తాతయ్యా, ఏంటది? నాకూ చూపించవా?" అని వెంటపడితే ఆయన చాలాసేపు తన ముఖంలోకి చూసి మెల్లగా గుప్పిట విప్పాడు. ఏమీ లేదు. ఖాళీ చెయ్యి. మోసం చేశాడని ఏడ్చింది తను. అమ్మ లోపలినుంచి వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్ళి వంటింట్లో గట్టిగా ఒక్కటి వేసింది, అంత గట్టిగా ఎప్పుడూ వెయ్యలేదు, వేసి తనే నేల మీద కూలబడిపోయింది. ఆయనకు అన్నం అమ్మే తినిపించేది. చెంచా ఆయన చేతికిచ్చి, కింద తన చెయ్యి పెట్టి, ఆయనే తింటున్నట్టు. తినిపిస్తున్నట్టు తెలియనిచ్చేది కాదు. రోజూ మూడు పూటలా ఆ చేతి కింద చెయ్యి పెట్టిన మనిషికి ఇది ఏమిటో ఎవరైనా చెప్పాలా? మొదటి రోజే, మొదటి వణుకుకే తెలిసిపోయి ఉంటుంది. తెలిసి సంచీ తగిలించుకుంది.

పిచ్చుక తన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి చూసింది. ఊరికే ఉంది. మరీ ఊరికే ఉందా? వేళ్ళు ఎత్తి గాల్లో పెట్టింది, సన్నగా కదిలాయి, పొద్దుటినుంచి ఏమీ తినకపోతే ఎవరికైనా కదులుతాయి. తాతయ్య, అమ్మ, అని వేళ్ళు లెక్కపెట్టబోయి సిగ్గేసి చెయ్యి కిందికి తీసేసింది. తన గురించి కాదిప్పుడు. అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు, ఎత్తలేదు. స్క్రీను పక్కన ఒక చిన్న మీట ఉంది, దెయ్యాలను తీసేసే మీట. దాన్ని కుడివైపుకు లాగితే సాఫ్ట్‌వేరు ఐదింట్లోంచి ఒక్కదాన్నే ఎంచుకుని, కదిలిన చోట ఆ ఒక్కటే ఉంచి మిగతా నాలుగూ వదిలేస్తుంది. లాగింది. పొగ పోయింది. చక్కటి చెయ్యి వచ్చింది, ఐదు వేళ్ళు, వాచీ, మెత్తటి వెలుతురు. వెనక్కి లాగింది. పొగ వచ్చింది. లాగింది, పోయింది. ఇంత తేలికా. అమ్మ రెండేళ్ళుగా సంచులూ బూట్లూ తువ్వాళ్ళూ అడ్డం పెట్టుకుని పడుతున్న పాటు, ఇక్కడ ఒక వేలితో అయిపోతుంది, చెమట కూడా పట్టదు. చెరిపేసి పంపేస్తే ఎవరికీ తెలియదు. అమ్మ కోరుకుంటున్నదీ అదే కదా, ఎవరికీ తెలియకపోవడం. మరి చెయ్యి ఎందుకు ఆడటం లేదు? అడగాలి. ఏమని అడగాలి? "అమ్మా, నీ చెయ్యి" అని మొదలుపెడితే ఆవిడ వెంటనే ఏదో ఒకటి అందుకుంటుంది, గిన్నె, చీపురు, ఏది దగ్గరుంటే అది, అందుకుని, "నా చేతికేం, గుండ్రాయిలా ఉంది" అంటుంది. తను నమ్మినట్టు తలూపుతుంది. ఆ తర్వాత ఇద్దరూ నటించాలి, తాతయ్య చెంచా కింద చెయ్యిలాగా. మీటను కుడికి లాగింది. ఎడమకు లాగింది. లేచింది. కూర్చుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఇంకో అడుగు కొంచెం ఈడ్చినట్టు. ఎక్కే మనిషెవరో తెలియడానికి తలుపు తెరుచుకోనక్కర్లేదు. సాయంత్రం అటుగా వస్తానంది అమ్మ, కలిసి ఇంటికి వెళదామని. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు. స్క్రీను ఆర్పెయ్యాలా, ఫొటో మూసెయ్యాలా, తమ్ముడి సంగతి దాచాలి కదా, మీట ఎటు ఉంది ఇప్పుడు, అనుకుంటూ చెయ్యి మౌసు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

"కింద ఆ కుర్రాళ్ళకు స్కూటరు ఎవరిచ్చారే? గోడకు గుద్దుతున్నారు" అంటూ వచ్చింది అమ్మ. సంచీ భుజానికుంది, ఎడమ చెయ్యి దాని పట్టీని పట్టుకుని ఉంది. వచ్చి, గోడ పక్కనున్న స్టూలు కాలితో లాక్కుని కూర్చోబోయి స్క్రీను చూసి ఆగిపోయింది. "అయ్యో, వీడెప్పుడొచ్చాడు?" అంది. ఒక్క క్షణం నిజంగానే అడిగింది, తమ్ముడు వచ్చి వెళ్ళిపోయాడని, తనకు చెప్పలేదని, గొంతులో అంత ఆదుర్దా. తర్వాత అర్థమైంది. "నువ్వు తెచ్చావా" అంది. స్క్రీను దగ్గరికి వంగి వాడి ముఖం చూసింది, చిక్కాడంది, గడ్డం గీసుకోలేదంది. భుజం మీద వాడి చెయ్యి ఎక్కడ పడిందో చూసి తన భుజం వైపు తల తిప్పింది, తెలియకుండానే. ఆ తర్వాత ఆవిడ కళ్ళు భుజం నుంచి మోచెయ్యి మీదుగా కిందికి వచ్చాయి. మీట ఎడమవైపే ఉంది.

కింద జిరాక్సు యంత్రం చాలా కాగితాలు తీసింది.

"ఇదేమిటి, ఇక్కడ?" అంది అమ్మ, తెలియనట్టు.

"ఐదు ఫొటోలు కలిపాను కదమ్మా. కదిలితే అలా పడుతుంది."

"పిల్ల కదిలి ఉంటుంది."

"పిల్ల కదల్లేదు."

అమ్మ సంచీ పట్టీని సర్దుకుంది. గిన్నె లేదు, చీపురు లేదు ఈ గదిలో, అందుకోవడానికి ఏమీ లేదు. "దాన్ని తీసెయ్యొచ్చా?" అంది.

"తీసెయ్యొచ్చు. క్షణం పని."

"మరి తీయలేదేం?"

"నిన్ను అడక్కుండా ఎలా తీస్తాను?" అంది పిచ్చుక. అనాలనుకున్న మాట అది కాదు, నోట్లోంచి వచ్చింది మాత్రం అదే.

"ఎవరెవరు చూశారు?"

"నేనే."

అమ్మ స్టూలు మీద కూర్చుంది. "విడివిడిగా చూపించు" అంది. పిచ్చుక ఐదూ తెరిచి ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. చీకటి ఫొటో, కొంచెం తక్కువ చీకటి, మామూలుది, వెలుగుది, మరీ వెలుగుది. నది తెల్లబడుతూ పోయింది, ముఖాలు తేటపడుతూ వచ్చాయి, వేళ్ళు దగ్గరకూ దూరానికీ జరిగాయి. "ఇంకోసారి" అంది అమ్మ. మళ్ళీ చూపించింది. "ఇంకొంచెం తొందరగా." తొందరగా నొక్కితే చెయ్యి కదిలింది, స్క్రీనులో, నిజం చెయ్యిలాగే. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, పిల్లలు బండి నడుపుతుంటే పక్కనుంచి చూసినట్టు, తప్పెక్కడుందో పట్టుకోవడానికి చూసినట్టు చూసింది. "ఇలా ఉంటుందన్నమాట" అంది. "బయటినుంచి ఎప్పుడూ చూడలేదు. లోపలినుంచి ఇంత కనపడదే."

"డాక్టరు దగ్గరికి..."

"వెళ్ళాను. మీ తాతయ్య జబ్బే, వాసన తెలియకపోవడం కూడా దాన్లోదేనట. ఇల్లూ పొలం ఏమీ ఇవ్వలేదు కదా, ఇదొకటి ఇచ్చి పోయాడు." నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. "మందులు వేసుకుంటున్నాను. చక్రం పట్టుకుంటే ఆగిపోతుందే, నమ్మవు నువ్వు, ఏ పనైనా చేస్తుంటే ఆగిపోతుంది. ఊరికే ఉంటేనే. అందుకని ఇన్నాళ్ళూ నడిచింది. కానీ ఒకరోజు ఆగకపోతే? పక్కన కూర్చున్న పిల్ల ఏమైపోవాలి? నేర్చుకునేవాళ్ళందరినీ వేరే ఆవిడకు అప్పగించేశాను. ఇప్పుడు బస్సులోనే వచ్చాను. షెడ్డూ లేదు గిడ్డూ లేదు."

"నాన్నకు?"

"తెలుసు. తెలుసని నాకు తెలియనివ్వడు. ఈ మధ్య గ్లాసులో సగమే పోస్తున్నాడు మహానుభావుడు, ఎందుకయ్యా అంటే దాహం ఆరోగ్యానికి మంచిదట." ఈసారి నవ్వు పూర్తిగానే వచ్చింది, ఇద్దరికీ, వచ్చి చాలాసేపు ఉండలేకపోయింది.

అన్నయ్య ఫోన్ మళ్ళీ మోగింది. ఇద్దరూ దాని వైపు చూశారు, బల్ల మీద గిరగిరా తిరుగుతూ మోగి మోగి ఆగిపోయింది. "వాడికి శుభ్రం చేసిందే పంపు" అంది అమ్మ. "గోడ మీద బొమ్మ అది, వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ చూస్తారు. వాడికి నేనే చెబుతాను, నా నోటితో. ఫొటో చేత చెప్పించకు." పిచ్చుక తలూపి మీటను కుడివైపుకు లాగింది. పొగ పోయి ఐదు వేళ్ళు వచ్చాయి. తమ్ముడి చేతి కింద నీడ వేసింది, బట్టను కాస్త నలిపింది, వాడు నిజంగానే వెనక నిలబడ్డాడు. నదికి కొంచెం నీలం కలిపింది, అన్నయ్య అడిగినంత కాదు. నాన్న జుట్టు జోలికి పోలేదు. ఫ్రేము షాపుకు ఫొటో వెళ్ళిపోతోంది, స్క్రీను మీద గీత మెల్లగా నిండుతోంది.

అమ్మ భుజం మీంచి సంచీ తీసింది. కింద పెట్టింది. ఎడమ చేతిని ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాల్లో ఒక క్షణం ఉంచి, బల్ల మీద పెట్టింది, పిచ్చుక కళ్ళ ముందు, లైటు కింద. మొదట ఊరికే ఉంది. తర్వాత బొటనవేలు కదిలింది, దాని వెంట చూపుడువేలు. పిచ్చుక చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు పోయింది, దాన్ని అదిమి పట్టుకుందామని.

"పట్టుకోకు" అంది అమ్మ. "కాసేపు ఆడనీ. రెండేళ్ళయింది దాన్ని ఊరికే ఉండనిచ్చి."

పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ చిటికెన వేలు పక్కనున్న మౌసు అంచుకు తగులుతూ ఉంది, తగిలినప్పుడల్లా స్క్రీను మీద బాణం గుర్తు సన్నగా అటూ ఇటూ వణుకుతోంది, వంతెన మీద, నది మీద, వదిన తల మీద.

"చూడవే," అంది అమ్మ, బాణాన్నే చూస్తూ, "ఒక్క క్షణం కూర్చున్నానో లేదో, దానికీ అంటించేశాను."